మామ పెట్టిన సర్వరు, అన్న తెచ్చిన గడ్డపార

నిన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. పక్కింట్లో కంప్యూటరు కింద ఉన్న యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో వేరుశనగలు వేయిస్తున్నాను. ఆ చప్పుడు చెవిన పడగానే, ఏదో బరువైన వస్తువు పట్టుకున్నట్టు నా రెండు చేతులూ తల మీదికి లేచాయి. గరిటె ఎక్కడో పడింది. మా ఆయన పరుగున వచ్చి, చేతులెత్తి నిలబడిన నన్ను చూసి, పొయ్యి ఆపి వెళ్ళిపోయాడు. ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళయినా నా చేతులకు ఆ రోజు అలాగే గుర్తుంది.

అప్పట్లో నేను చీనీ రైతులు కలిసి పెట్టుకున్న ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. బత్తాయిని మా అనంతపురం వైపు చీనీ అంటాం. వానలు మొహం చాటేస్తే, బోరు బావులు ఎండిపోతే, రైతులు ట్యాంకర్లతో నీళ్ళు తోలి చెట్లను బతికించుకునేవాళ్ళు. ఆ చెట్టు కాసిన కాయ మార్కెట్టుకు చేరేసరికి, కమీషనుకు కాయలు అమ్మిపెట్టే మండీలో దాని ధర ఎంతో మండీ యజమానికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. పైగా టన్నుకు ఇంతని కాయలు తరుగు కింద ఊరికే తీసుకునేవాళ్ళు. మా కంపెనీ చేసిన పనల్లా ఒకటే. దూరపు పట్నాల్లో ఆ రోజు చీనీ ఎంతకు అమ్ముడయిందో లారీ డ్రైవర్ల దగ్గర ఫోనులో కనుక్కుని, పొద్దున్నే వెబ్‌సైటులో పెట్టేవాళ్ళం. రైతు మండీ గేటు దగ్గర ఫోను తీసి చూసుకుని, "ఈ రేటుకు ఇయ్యనప్పా" అనడం మొదలుపెట్టాడు. ఎవరో ఎవరికో చెప్పించారు కాబోలు, ఆ సైటును తమ కంప్యూటర్లలో ఉంచి నడిపే పట్నం వాళ్ళు ఒక రోజు మా ధరల పేజీ తీసేశారు.

అప్పుడు రంగంలోకి దిగింది మా మామ. మా అమ్మకు సొంత తమ్ముడు, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయి వచ్చిన మనిషి. "ఒకడింట్లో పెడితే ఒకడు పీకుతాడు. సర్వరు మనింట్లోనే పెట్టుకుందాం పాపా" అన్నాడు. కంపెనీ ఆఫీసు పాత శనక్కాయల మిల్లులో ఉండేది. మూతపడిన ఒక కంప్యూటరు శిక్షణా కేంద్రం నుంచి రెండు పాత డబ్బాలు తెచ్చి, ఒకదాని భాగాలు పీకి ఇంకొకదానికి బిగించాడు. దుడ్లు అక్కరలేని సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. రాతిగోడలో ఒకప్పుడు దీపం పెట్టే పెద్ద గూడు ఉంటే, అక్కడ చల్లగా ఉంటుందని డబ్బాను అందులో కూర్చోబెట్టాడు. మిల్లు దుమ్ము లోపలికి పోకుండా మా అత్త నైలాన్ చీర కొంగు కత్తిరించి ఫ్యాను ముందు కట్టాడు. ఆ చీర గురించి అత్త అన్న మాటలు ఇక్కడ రాయలేను. కరెంటు పోయినప్పటికని లారీ బ్యాటరీ ఒకటి, యూపీఎస్ ఒకటి. సైటు మళ్ళీ లేచిన పొద్దున మామ మీసం దువ్వుకుంటూ మిల్లంతా తిరిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మార్కెట్లో ఆ పెద్ద మండీల్లో ఒకటి మా అన్నది. నా తోడబుట్టినవాడు. మా చిన్నతనంలోనే నాయన పోతే వాణ్ణి భుజాల మీద మోసి, సైకిలు నేర్పి, మండీ పెట్టుకోవడానికి సెలవు పెట్టి వచ్చి తోడు నిలబడింది ఈ మామే. సైటు పెట్టాక అన్న ఇంటికి వచ్చి బతిమాలాడు, తిట్టాడు, అమ్మతో చెప్పించాడు. మామ వినలేదు. "నీ మీద కోపంతో పెట్టింది కాదురా. రైతులు అడిగినారు, పెట్టినా" అన్నాడు.

మొదటిసారి అన్న పంపిన ముగ్గురు మనుషులు కట్టెలతో వచ్చారు. మామను చెంప మీద కొట్టి, మేజా మీదున్న మానిటరును, ప్రింటరును, గోడ గడియారాన్ని పగలగొట్టి, పని అయిపోయిందనుకుని వెళ్ళిపోయారు. గూట్లో నైలాన్ కొంగు కట్టుకుని కూర్చున్న డబ్బాను పాత సామాను అనుకున్నారు. అది తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి మార్కెట్లో అందరి ఫోన్లలోనూ ధరలు మామూలుగా కనిపించాయి. మామ వాచిన చెంపతో పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను. మాకన్నా ఎక్కువ మార్కెట్టు నవ్వింది. "ఏమప్పా, టీవీ పగలగొట్టి వచ్చినారంటనే?" అని ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒక రైతు అన్న మొహం మీదే అడిగాడట. ఆ నవ్వే మా కొంప ముంచింది.

మరునాడు అన్న తానే వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, చేతిలో గడ్డపార. ఎండ నిప్పులు చెరుగుతోంది, అప్పుడే కరెంటు పోయింది, యూపీఎస్ అరుస్తోంది. మామ గూటికి అడ్డంగా నిలబడ్డాడు.

"యాడుండాది మామా ఆ డబ్బా?"

"యాడుంటే నీకెందుకురా? ఇంటికి పో."

"మార్కెట్లో నా మొగం మీద నగుతాండారు. తప్పుకో. నిన్ను కొట్టాలని రాలేదు నేను."

"కొట్టకుండా అయితే తీయలేవు దీన్ని."

అన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మామను ఒక్క తోపు తోసి గూట్లోకి గడ్డపార పొడిచాడు. డబ్బా రేకు చీలింది. మామ లేచి, పసిబిడ్డను కాచుకున్నట్టు రెండు చేతులూ దాని మీద చాపాడు. రెండో పోటు ఆగలేదు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నైలాన్ కొంగు ఎర్రగా తడిసింది. మామ నలిగిన వేళ్ళ వంక ఆశ్చర్యంగా చూసుకున్నాడు. అన్న కూడా చూశాడు. చూసి కూడా మళ్ళీ గడ్డపార ఎత్తాడు.

నా పక్కన ఇనుప స్టూలు ఉంది. ఎత్తి అన్న తల మీద కొట్టాను. చెవి పైన తగిలింది. వాడు మోకాళ్ళ మీద కూలబడి, "ఏమ్మే" అన్నాడు, చిన్నప్పుడు నన్ను పిలిచినట్టే. నేను మళ్ళీ కొట్టాను. రక్తం నా మొహం మీద చిందింది, వెచ్చగా. అన్న వెంట వచ్చిన ఇద్దరూ గుమ్మం దాటి పరుగెత్తారు. మూడోసారి స్టూలు ఎత్తినప్పుడు మామ పాడయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో నా చీర పట్టి లాగాడు.

"సాలు పాపా! సచ్చిపోతాడు. వాడు మనోడే."

బయట ఉన్నది కంపెనీ పండ్ల బండి ఒక్కటే. సగం కాయలు దించారు, సగం దించలేదు. ఆ కాయల మీదే ఇద్దరినీ పడుకోబెట్టి ఆస్పత్రికి బయలుదేరాం. గతుకు వచ్చినప్పుడల్లా కాయలు దొర్లేవి, వాటితో పాటు వీళ్ళూ దొర్లేవాళ్ళు. "నా చెయ్యి తీసేసినావు కదరా కొడకా" అని మామ, "నీ డబ్బా నా మండీని తినేసింది" అని అన్న, ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూనే ఉన్నారు. కొంతదూరం పోయాక అన్న మాట ముద్దయింది, వాంతి చేసుకున్నాడు. మామ తిట్టడం ఆపకుండానే, వాడి తల బండి రేకుకు కొట్టుకోకుండా తన తొడ మీదికి లాక్కున్నాడు. నేను వాళ్ళ ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఏడుపు రాలేదు. నా మీదికి దొర్లి వచ్చిన కాయలను చేతులతో వెనక్కి తోస్తూ ఉన్నాను.

ఆస్పత్రిలో కానిస్టేబుల్ వచ్చి, "ఎవరు ఎవర్ని కొట్టినారమ్మా?" అని అడిగాడు. మామను అన్న కొట్టాడని, అన్నను నేను కొట్టానని చెప్పాను. ఆయన రాయడం ఆపి, "మీరంతా ఒకే ఇంటోళ్ళా?" అన్నాడు. అవునన్నాను. రెండు కేసులయ్యాయి. వాయిదాలకు ముగ్గురం కోర్టు వరండాలో ఒకే బల్ల మీద, మధ్యలో చోటు వదిలి, ఎడమొహం పెడమొహంగా కూర్చునేవాళ్ళం. చివరికి వకీళ్ళే విసిగి రాజీ చేయించారు. మామ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. అన్నకు ఒక చెవి పూర్తిగా వినపడదు. నాకు చిన్న గాయం కూడా కాలేదు. అమ్మ ఆ విషయం ఎప్పుడూ మరచిపోలేదు.

డబ్బా మళ్ళీ పనికి రాలేదు. మామ ఇంకొకటి కట్టాడు, నేను పక్కన కూర్చుని చదివి చెబుతుంటే ఎడమచేత్తో ఒక్కో అక్షరమే కొడుతూ. కొన్నాళ్ళు మండీలు తరుగు తగ్గించాయి. తర్వాత అదీ మెల్లగా పాత దారికే వచ్చిందని విన్నాను. ఇప్పుడు ధరలు అందరి ఫోన్లలోకీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడుతున్నాయి, వాటికి గూడూ అక్కరలేదు, కాపలా అక్కరలేదు.

పోయిన ఏడాది అమ్మ పోయింది. పాడె ముందు కొమ్ములు ఒకవైపు అన్న, ఒకవైపు మామ పట్టారు. మామ చేతికి పట్టు చాలక పాడె ఒరుగుతుంటే, "నిదానంరా" అని మామ కేకేశాడు. వినపడని చెవి అటువైపే ఉండడంతో అన్న నడుస్తూనే పోయాడు. నేను ముందుకు పోయి అన్న భుజం తట్టాను. వాడు వెనక్కి తిరిగి ముందు నా మొహం వైపు చూడలేదు, నా చేతుల వైపు చూశాడు. తర్వాత నడక తగ్గించాడు. కాలం అన్నీ మాన్పుతుందని అందరూ అంటుంటారు గానీ, మా ముగ్గురి విషయంలో అది మాన్పిందేమీ లేదు. ఒకరినొకరు కొట్టుకునే సత్తువను మాత్రం ఒక్కొక్క ఏడాదీ కొంచెం కొంచెంగా మా ఒళ్ళలోంచి తీసుకుపోయింది.