పై దిమ్మ చూసి ఎంచిన పుస్తకం

“మూడో క్లాసుతో బడి మానేసేవు, స్టాటిస్టిక్స్ పుస్తకం గురించి నీకేటి తెలుసు మామ్మా?” అంది నా మనవరాలు.

“తెలీదే, అందుకే అడుగుతన్నాను. ఇటికంత లావుంది, ఇది పిల్లలకి సెప్పడానికా, గోడ కట్టడానికా?”

ఆవిడగారు అప్పుడే అనకాపల్లిలో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరింది. మర్నాడు ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని ఆమె మొదటి పాఠం వింటాడు. పిల్లలకు అర్థమైతేనే ఉద్యోగం ఉంటుంది. అందుకని రెండు పుస్తకాలు తెచ్చింది, ఒకటి లావు, ఒకటి సన్నం. బాగా చదువుకున్న మనిషి కదా, రెండింటిలోనూ మొదటి పేజీ చూసి లావుదాన్ని ఎంచుకుంది.

“బెల్లం మార్కెట్టులో పై దిమ్మ సూసి ఎవుడైనా కొంటాడేటే? మంచి దిమ్మలన్నీ రైతు పైనే పెడతాడు. మీ తాత కూడా అలాగే పెట్టేవోడు. కొనేవోడు మజ్జినించి ఒకటి, అడుగునించి ఒకటి లాగి గిల్లి సూసేవోడు. నువ్వూ మజ్జికి తీసి సదువు.”

లావు పుస్తకం మధ్యకు తీసి నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయింది. నాకు అర్థం కాలేదంటే సరే, పాఠం చెప్పవలసిన ఆవిడకూ కాలేదు. సన్నదాన్ని మధ్యలో, చివర చదివించాను. నాక్కూడా సగం బోధపడింది.

“రేపటి పాఠం ఇదే మామ్మా. కొన్ని తీసి సూసి మొత్తం ఎలాటిదో సెప్పడం,” అంది మెల్లగా.

“దీనిక్కూడా పుస్తకాలు రాసేరా?” అన్నాను.

మర్నాడు ఉదయం సన్న పుస్తకం పట్టుకెళ్లి, బెల్లం దిమ్మలతో పాఠం మొదలుపెట్టిందట. చెరకు రైతుల పిల్లలు అడగకుండానే జవాబులు చెప్పారట. ప్రిన్సిపాల్ ఆమెను ఉద్యోగంలో ఉంచాడు.