వాన నీళ్ళలో ఇనుము

మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో నీళ్ళు పరీక్ష చేసేవాడు. రైలింజన్లలో పోసే నీళ్ళలో ఇనుముందో లేదో చూడడం ఆయన డ్యూటీ. ఇంట్లో కూడా రెండు చిన్న సీసాలుండేవి. ఒకదాంట్లో యాసిడ్, రెండోదాంట్లో పరీక్ష మందు. గ్లాసులో నీళ్ళు పోసి రెండు సీసాల్లోంచీ రెండేసి చుక్కలు వేస్తే, ఇనుమున్న నీళ్ళు దానిమ్మ రసంలా ఎర్రబడేవి. మనుషులు అబద్ధమాడతారు గానీ చుక్క అబద్ధమాడదు అనేవాడు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మా క్వార్టర్ల ముందు చేతిపంపు వేశారు. అందరికంటే ఎక్కువ సంబరం అమ్మది. అంతవరకూ పట్టాలు దాటి షెడ్ కుళాయి నుంచి నీళ్ళు మోసేది. ఆ మోతకి కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు.

పంపు నీళ్ళు మొదట మా ఎర్ర బక్కెట్లోనే పట్టింది. నిప్పంటుకుంటే చల్లడానికి ఇసక పోసి స్టేషన్లో వేలాడదీస్తారే, ఆ బక్కెట్. అది లేని ఇల్లు మా కాలనీలో లేదు, ఎలా వచ్చిందని అడిగినవాళ్ళూ లేరు. అడుగు గుండ్రం కాబట్టి ఇటుకల మధ్య కూర్చోబెట్టేవాళ్ళం. లోపలి రంగు ఎప్పుడో పోయింది.

నాన్న చుక్కలు వేశాడు. గ్లాసు ఎర్రబడింది.

"ఇనుం ఒంటికి మంచిదే కదండీ? డాక్టరు మాత్రలిస్తాడు" అంది అమ్మ.

"అది మందు. ఇది పంపు" అని, పైవాళ్ళకి చెప్పి పంపు పిడి ఊడదీయించాడు. కాలనీ ఆడవాళ్ళు అమ్మతో మాటలు మానేశారు. అమ్మ మళ్ళీ పట్టాలు దాటింది.

ఒక ఆదివారం నాన్న ఆ షెడ్ నీళ్ళకీ చుక్కలు వేశాడు. ఎరుపే. పరుగున వెళ్ళి కుళాయి కిందే గ్లాసు పెట్టి చూస్తే తేటగా ఉన్నాయి. ఆలోచించి ఆలోచించి తేల్చాడు: దారిలో పట్టాల తుప్పు ఎగిరి బక్కెట్లో పడుతోందట. ఇక గేటు దాకా వెళ్ళి చుట్టూ తిరిగి, పైన గుడ్డ కప్పుకుని తెమ్మన్నాడు. అమ్మ అలాగే తెచ్చింది. అప్పుడూ ఎరుపే.

తొలకరి పడిన రోజు అమ్మ ఆయన చేతికి ఓ గ్లాసు ఇచ్చింది. చుక్క పడగానే ఎర్రబడింది.

"ఇవేటి నీళ్ళు?"

"వాన నీళ్ళండీ, బక్కెట్లో పట్టేను. ఆకాశంలో కూడా పట్టాలున్నాయేటి?"

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అందరం లోపల తుప్పు పట్టిన ఆ ఇనప బక్కెట్ వైపు చూశాం. పంపుకి పిడి బిగించి స్టీలు చెంబులో పట్టిన నీళ్ళు చుక్క పడ్డా తేటగానే ఉన్నాయి.

"చూశావా, చుక్క అబద్ధమాడలేదు" అన్నాడు నాన్న.

"అచ్ఛా. అయితే ఓ చుక్క ఈ భుజం మీద కూడా వెయ్యండి. ఏటుందో అదే చెప్తాది."

ఆయన సీసా మూత పెట్టేశాడు. మర్నాటి నుంచి కాలనీ అంతా చూస్తుండగా పంపు దగ్గర నాన్నే బిందె ఎత్తేవాడు. అమ్మ చెయ్యి మాత్రం మళ్ళీ జడ దాకా లేవలేదు. ఆ సీసాల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు.