ఫోన్‌లోని తాళం

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న ఖాకీ చొక్కా పెద్దాయన తన ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఏమని పడిందో సదివి సెప్పప్పా. కండ్లద్దాలు కంపెనీ వ్యాన్లోనే ఉండిపోయినాయి. హొళగుందలో సరుకు దించి వచ్చేసరికి బండి తెరుసుకోలేదు. దాని తాళం ఈ ఫోన్లోనే ఉండేది, నొక్కితే తెరుసుకునేది."

‘డ్రైవర్ల జాబితా నుంచి మీ పేరు తొలగించబడింది’ అని ఉంది. మా కంపెనీ వేరే. అక్కడ డ్రైవర్లకు ఇలాంటి తాళాలు ఇచ్చేదీ తీసేసేదీ నేనే. ఆ మాటను పైకి చదివి వినిపించడం మాత్రం అదే మొదలు.

"అంటే, పని పోయినట్టేనా?"

తలూపాను.

"ఇల్లు చేరినాక సెప్పింటే బాగుండు," అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు ఎవరి పేరు తీసేయాల్సి వచ్చినా, ముందు ఆ డ్రైవరుకు నేనే ఫోన్ చేసి, యాడున్నావన్నా అని అడుగుతాను.