మామ వేళ్లకు తగిలిన గుర్తు

దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఇంట్లో దీపం దానంతటదే ఆరిపోతే ముందు ఫ్యూజు చూసే రకం నేను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ దయ్యం లేదు. ఒక పాత రైఫిల్ చెక్క, మా మామ చేతివేళ్లు, నేను ఇద్దరికి చెప్పిన అబద్ధం ఉన్నాయి.

ఈ సంగతి ఇంగ్లండులో, బ్రాక్‌నెల్‌లోనో హారోలోనో భోజనాల దగ్గర నా నోట విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు విన్నది సగం. మిగతా సగం చెబితే నా పరువు పోతుందని దాచాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. 2008లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద బ్రాక్‌నెల్ వచ్చాం, నేనూ, భార్య సుజాతా, ఐదేళ్ల కూతురు నిత్యా. ఆఫీసులో నా పక్కసీటు గ్రాహం ఒక ఆదివారం తన షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్లాడు. అక్కడ ఎవరో ముసలాయన చేతిలో మొదటిసారి ఫిన్లాండు సైన్యం వాడిన రైఫిల్ చూశాను.

ఫిన్లాండు చిన్న దేశం. రష్యాతో యుద్ధాలు వచ్చినప్పుడు కొత్త తుపాకీలు మొదటి నుంచీ చేసుకునే వీలు లేక, చేజిక్కిన రష్యా రైఫిళ్లనే విప్పి, కొత్త గొట్టం బిగించి, కొత్త చెక్క తొడిగి వాడుకుంది. అందుకే ఇనుము మీద ఒకచోట జారు చక్రవర్తి కాలం నాటి ముద్ర, పక్కనే చిన్న చతురస్రంలో ఫిన్లాండు సైన్యం అక్షరాలు, ఎస్, ఏ. ఎవరో రాసిన పాత కోడ్‌ను పారేయకుండా దాని మీదే కొత్తది కట్టుకుంటూ పోవడం నా ఉద్యోగం. ఆ తుపాకీ నాకు అందుకే నచ్చింది.

క్లబ్బులో సభ్యత్వం, పోలీసుల తనిఖీ, సర్టిఫికెట్, గోడకు బిగించిన ఇనుప బీరువా, ఇవన్నీ అయ్యేసరికి రెండేళ్లు పట్టింది. వేలంలో మూడు ఫిన్లాండు రైఫిళ్లు కొన్నాను. మూడోది నాకు ప్రాణం. లేత తేనెరంగు బర్చ్ చెక్క. భుజానికి ఆనించే వైపు కత్తిమొనతో చెక్కిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఏ, కే. వాటి కింద 41. ఎవరో సైనికుడి చేతిరాత. ఆ అంకె కింద చెక్క కొద్దిగా పల్లంగా, బొటనవేలంత మేర గోకినట్టు ఉండేది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇలాంటివి సేకరించేవాళ్లకు ఒక నియమం ఉంది. చెక్కను ముట్టుకోకూడదు. గీతలు, మరకలు, నూనె జిడ్డు, అన్నీ దాని చరిత్రే. ఏడాదికోసారి పల్చగా అవిసె నూనె రాయడం తప్ప ఏం చేసినా పాపమే. ఇంటర్నెట్‌లో మా ఫోరంలో ఒక కుర్రాడు తన రైఫిల్ చెక్కను ఉప్పు కాగితంతో రుద్ది మెరిపించానని గొప్పగా ఫోటో పెడితే, అందరికన్నా ఘాటుగా తిట్టింది నేనే.

2011 దసరాకు ఆయుధ పూజ చేసుకున్నాం. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లలో ఆ రోజు కారుకూ లాప్‌టాప్‌కూ బొట్టు పెడతారు. ఆ ఏడు నేను మూడు రైఫిళ్లూ తీసి వరుసగా దుప్పటి మీద పెట్టాను.

"ఈ దేశం మొత్తం మీద నిజంగా ఆయుధం పెట్టి ఆయుధ పూజ చేసేది మనమొక్కరమే ఉంటాం" అని సుజాత నవ్వింది. నవ్వుతూనే తడి పసుపులో వేలు ముంచి మూడింటికీ బొట్లు పెట్టింది. రెండింటికి ఇనుము మీద పడింది. మూడోదానికి చెక్క మీద, సరిగ్గా ఆ అక్షరాల పక్కన.

ఇనుము మీది పసుపు తుడిస్తే పోయింది. చెక్క మీదిది పోలేదు. వేలికొనంత పచ్చటి చుక్క లోపలికి దిగిపోయింది. తర్వాతి నెల క్లబ్బులో ప్రదర్శన, అందులో నా రైఫిల్ పెడతానని ఒప్పుకున్నాను. అది చూసి వాళ్లు ఏమంటారోనని భయం. ఒక శనివారం, సుజాత నిత్యను ఈతకు తీసుకెళ్లినప్పుడు, గరాజ్‌లో కూర్చుని ఉప్పు కాగితం తీశాను.

మొదట చుక్క వరకే రుద్దాను. అక్కడ గుంట పడింది. గుంట కనపడకూడదని చుట్టూ రుద్దాను. తెలివి వచ్చి ఆగేసరికి ఏ లేదు, కే లేదు, 41 లేదు. వాటి కింది పల్లం కూడా చదునైపోయింది. ఫోటో ఒక్కటైనా తీసి ఉంచుకోలేదు. పసుపు మాత్రం పూర్తిగా పోయింది. కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాను, ఆనవాలు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ప్రదర్శనకు వేరే రైఫిల్ పట్టుకెళ్లాను. సుజాతకు తుడిస్తే పోయిందని చెప్పాను. తన బొట్టు వల్లే ఇదంతా అయిందని బాధపడుతుందని అప్పుడు సాకు చెప్పుకున్నాను. సిగ్గే అసలు కారణం.

మరుసటి వేసవికి సుజాత నాన్న మా ఇంటికి వచ్చాడు. ప్రొద్దుటూరు ఐటీఐలో ముప్పై ఏళ్లు వడ్రంగం నేర్పిన మనిషి. గ్లాకోమాతో అప్పటికే చూపు దాదాపు పోయింది, వెలుగూ నీడా మాత్రం తెలిసేవి. మిగిలింది చేతులే. వచ్చిన రెండు రోజుల్లో మా ఇల్లంతా తడిమేశాడు. ఏ తలుపు మడత బందు వదులైందో చెప్పాడు. డైనింగ్ టేబుల్ మీద వేలితో కొట్టి, "ఇంగ్లీషోళ్ల దేశంలో చెట్లే లేవా నాయనా? అంతా పొట్టు అతికించిందే!" అని వెక్కిరించాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ రైఫిల్ చెక్కను విడిగా ఊడదీసి, నూనె రాయడానికి వంటగది బల్ల మీద పెట్టాను. మామ వాసన పట్టి వచ్చి కూర్చున్నాడు. చెక్క ఆయన చేతికిచ్చాను.

"ఇదీ చెక్కంటే! ఇన్నాళ్లకు ఒకటి చూపించినావు" అన్నాడు. మధ్యలో అతుకు దొరికింది. "రెండు ముక్కలు. వేళ్లలో వేళ్లు పెట్టి బిగించినట్టుండాది. కొట్టినోడు పనోడప్పా."

వేళ్లు వెనక్కి జరిగి, నేను రుద్దిన చోట ఆగాయి.

"ఎవరిదప్పా ఈ పేరు?"

"ఏ పేరు మామా?"

"ఇంగ్లీషులో ఏ. పక్కన కే. కింద నాలుగు, ఒకటి. దాని కింద ఇంగోటి ఉండాది. అక్షరం కాదది."

నిత్య వంగి చూసింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. "తాతా, దేర్స్ నథింగ్ దేర్. ఇట్స్ టోటల్లీ స్మూత్."

"నీ కండ్లకు కనపడదులేమ్మా. కాగితం తేపో."

అది స్కూల్ నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి తెచ్చి వెనక్కి తిప్పి ఇచ్చింది. మామ ఎడమచెయ్యి చెక్క మీద ఉంచి, కుడిచేత్తో పెద్దగా గీశాడు. నిలువుగా ఒక గీత. దానికి అడ్డంగా రెండు. అడుగున మూడు వేళ్ల కోడికాలు.

సుజాత నా వైపు చూసింది. "ఏమండీ, అక్కడ ఏమన్నా ఉండేదా?"

నిజం చెప్పడానికి అంతకన్నా తేలికైన సమయం మళ్లీ రాలేదు.

"ఏం లేదు. నున్నటి చెక్క. మీ చెయ్యి పొరబడింది మామా" అన్నాను.

ఆయన చెక్క మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అట్లనా" అన్నాడు. "అయితే చేతులు గూడా పోయినట్టుండాయి."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన దేన్నీ తడమలేదు. మెట్ల దగ్గర కూడా నిత్యను పిలిచేవాడు.

అక్షరాల సంగతికి నేనొక కారణం వెతుక్కున్నాను. కత్తి నొక్కినచోట చెక్క పీచు లోపలిదాకా అణిగి ఉంటుంది, పైన రుద్దేసినా నూనె తగిలితే కొద్దిగా ఉబ్బవచ్చు, ముప్పై ఏళ్ల వడ్రంగి వేళ్లకు అది తెలియవచ్చు. నాకూ గ్రాహంకూ ఎంత తడిమినా ఏమీ తెలియలేదు, అది వేరే సంగతి. కోడికాలు మాత్రం ఆయన ఊహ అనుకున్నాను. నేను రుద్దకముందు కూడా అక్కడ అలాంటిదేమీ లేదు కదా.

జులైలో ఫిన్లాండు నుంచి ఈమెయిల్ వచ్చింది. రాసినామె పేరు మార్యా. ఫోరంలో ఆ మోడల్ రైఫిల్ ఉందని చెప్పుకున్న వాళ్లందరికీ విడివిడిగా రాస్తోంది. వాళ్లమ్మ హెల్వికి డెబ్బై దాటాయి. హెల్వి నాన్న యుద్ధంలో తన రైఫిల్ చెక్క మీద ఏ, కే, 41 అని చెక్కుకున్నాడట. వాటి కింద వాళ్ల పొలం గుర్తు కూడా చెక్కాడు. వాళ్ల పల్లెల్లో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేదట, అది ఏ వస్తువు మీద ఉంటే ఆ వస్తువు ఆ ఇంటిది. యుద్ధం అయ్యాక తుపాకీ సైన్యానికి అప్పగించేటప్పుడు, ఇంటి గుర్తుతో ఇవ్వకూడదని దాన్ని మాత్రం గోకి తీసేశాడు. అక్షరాలు వదిలేశాడు. బతికినంతకాలం ఆ మాట చెప్పేవాడట. "అక్షరాలూ, వాటి కింద బొటనవేలంత పల్లమూ కనిపిస్తే దయచేసి చెప్పండి. అమ్మ ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలనుకుంటోంది" అని రాసింది.

కింద ఫోటో ఉంది. వాళ్ల పశువుల కొట్టం తలుపు. దాని మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా రెండు, అడుగున మూడు వేళ్ల కోడికాలు.

మామ హాల్లో రేడియో వింటున్నాడు. లేచి నాలుగడుగులు వేసి, మీ చేతులు సరిగ్గానే ఉన్నాయి మామా అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ఉప్పు కాగితం సంగతి బయటపడుతుంది. నేను తిట్టిన కుర్రాడు చూస్తాడు, క్లబ్బు చూస్తుంది.

మార్యాకు ఒక్క వాక్యం రాశాను, నా రైఫిల్ మీద ఏ అక్షరాలూ లేవని. ఆ రోజుకు అది అక్షరాలా నిజం. అబద్ధమైతే ఏనాడో ఒప్పుకునేవాణ్ణేమో. నిజాన్ని అలా వాడుకున్నందుకు ఏమని ఒప్పుకోవాలో చాలాకాలం తెలియలేదు.

మామ సెప్టెంబరులో ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. రెండేళ్లకు గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాతే నేను ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. రైఫిల్ కొనేనాటికే అక్షరాలు అరిగిపోయాయనీ, మా మామ గుడ్డి వేళ్లతో చదివాడనీ. అందరూ ఆశ్చర్యపోయేవారు. సుజాత మాత్రం లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది.

2018లో నిత్య తన పాత పెట్టె సర్దుకుంటూ ఆ కాగితం పట్టుకొచ్చింది. ముందు వైపు స్కూల్ ఉత్తరం, పైన మే నెల తేదీ. వెనక మామ గీత. నేను కంప్యూటరులో మార్యా ఈమెయిల్ తెరిచాను, జులై. ఎన్నిసార్లు చూసినా మామ గీతే ముందు, ఫోటో తర్వాత. కొట్టం తలుపు ఫోటో పక్కన కాగితం పెట్టాను. అడ్డగీతల్లో పైది పొట్టి, కిందిది పొడుగు. అది కూడా ఒకేలా ఉంది.

"యూ టోల్డ్ తాతా హీ వాజ్ రాంగ్" అంది నిత్య.

ఆ సాయంత్రం సుజాతకు మొత్తం చెప్పాను. పసుపు సంగతి తను పట్టించుకోలేదు. "నాన్న పోయేదాకా తన చేతులు పోయినాయనే అనుకున్నాడండీ. ఊళ్లో ఉలి కూడా ముట్టలేదంట" అంది. ఇన్నాళ్లలో నన్నెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్యాకు మళ్లీ రాశాను, ఈసారి ఏదీ దాచకుండా. హెల్వి రెండేళ్ల కిందటే చనిపోయిందని జవాబు వచ్చింది. రెండో వాక్యంలోనే, వీలైతే చెక్క పంపుతారా అని అడిగింది.

తుపాకీ ఇనుము పోలీసుల సర్టిఫికెట్ మీద ఉంది, దేశం దాటించడం నా వల్ల కాదు. చెక్కకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. 2019 మొదట్లో దాన్ని పాత తువాళ్లలో చుట్టి, మామ గీసిన కాగితం కాపీ జతచేసి పంపాను. కట్టేముందు చెక్కంతా మళ్లీ తడిమాను. నున్నగా ఉంది. లేత తేనెరంగు, ఒకేలా.

మూడు వారాలకు మార్యా రాసింది. అక్షరాలు ఎవరి చేతికీ తగల్లేదట. గుర్తూ తగల్లేదట. అయినా చెక్కను ఆ కొట్టం తలుపు పక్కనే మేకులకు ఆనించి పెట్టుకున్నారట. చివర్లో ఒక ప్రశ్న. "భుజానికి ఆనే వైపు వేలికొనంత పసుపుపచ్చ చుక్క ఒకటుంది. ఇది మా తాతది కాదు. ఎవరిదో మీకు తెలుసా?" ఫోటో కూడా పంపింది. సుజాతకు చూపించాను. తన వేలు తెర మీద ఆనించి చూసుకుంది.

ఏడేళ్ల కిందట నా చేత్తో రుద్ది తీసేసిన చుక్క అది. నూనె వల్ల పైకి తేలిందంటారా, ఏటేటా నూనె రాస్తూనే ఉన్నాను, ఎప్పుడూ తేలలేదు. గోకేసిన గుర్తు మామ వేళ్లకు ఎలా తగిలిందో, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో, రెంటికీ కారణం వెతకడం మానేశాను.

మార్యాకు మాత్రం వెంటనే రాశాను. అది నా భార్య వేలిగుర్తు, పండగనాడు పెట్టింది, దయచేసి తుడవకండి అని.