మొదటి షాటుకు గాజులు

చదువు ఆఖరి ఏడాదిలో మేం తీసిన చిన్న సినిమా గురించి ఎవరైనా అడిగితే నాకిప్పటికీ నోరు చేదవుతుంది. అది బాగా రాలేదని కాదు. బాగానే వచ్చింది, చప్పట్లు కూడా పడ్డాయి. నాకు రోత పుట్టించింది దాని మొదటి షాటు.

బెంగళూరులో సినిమా కోర్సు. రెండువేలు దాటిన తొలి ఏళ్ళు, చేతిలో ఇమిడే డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే అందుతున్నాయి. మా జట్టులో కెమెరా పని నాది. దర్శకుడు హైదరాబాదు నుంచి వచ్చి కుందలహళ్ళిలో అద్దె గదిలో ఉండేవాడు. రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి చూడనిదే టీ గ్లాసు కూడా ఎత్తేవాడు కాదు. ఆ గదిలో కూర్చుని సినిమా ఎలా మొదలవ్వాలని రోజుల తరబడి కొట్టుకున్నాం. అలారం మోగుతుంది, కన్ను తెరుచుకుంటుంది అన్నాడొకడు. కుళాయి నుంచి నీటిచుక్క అన్నాడింకొకడు. ప్రతి ఏడూ ప్రతి జట్టూ తీసే చెత్తే అది. వినలేక నేనే మా పెద్దమ్మ అంగడి మాటెత్తాను.

బళేపేటలో మా పెద్దమ్మకు గాజుల అంగడి ఉండేది. పెదనాన్న పోయాక ఆవిడే నడిపేది. తన చేతులు బోడిగా ఉన్నా, వచ్చినవాళ్ళ చేతులకు నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేది. పెళ్ళి గాజులు మాత్రం ముట్టుకునేది కాదు. పక్క వీధిలో ఉన్న మా అమ్మకు కబురు పెట్టి, ఆమె చేత తీయించి పొట్లం కట్టించేది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, ఆవిడే పెట్టుకున్న కట్టుబాటు. బేరమయ్యాక ఒక గాజు కొసరు వేయడం ఆ అంగడి అలవాటు. ఒకటి చిట్లినా చేయి వెలితిగా ఉండకూడదని.

నా ఆలోచన ఇంతే. పొద్దున సగం లేచిన షట్టరు, మొదటి బేరం, రెండు జతల చేతులు, చివర్లో ఆ కొసరు గాజు. మాటలుండవు, ముఖాలుండవు. పెదనాన్న పోయినప్పటి నుంచి ఫోటోకు కూడా నిలబడని మనిషి, నా మాట మీద ఒప్పుకుంది. ఆవిడను నగుబాటు చేయకుండా తీయడం ఒక్కటే నాకు కావలసింది.

అందరం అంగడి చూడ్డానికి వెళ్ళాం. దర్శకుడి కళ్ళు ఆవిడ బోడి చేతుల మీద నిలిచిపోయాయి. మమ్మల్ని సందులోకి లాక్కెళ్ళాడు.

"అమేజింగ్ యార్. గాజులమ్మే విడో. ఓపెనింగ్ దొరికేసింది. ఆవిడ గాజులు నేలకేసి కొడుతుంది, స్లో మోషన్, ముక్కల మీద టైటిల్."

మిగతా ఇద్దరూ సూపర్ అన్నారు. ఆవిడను ఆ మాట అడిగితే ఊరుకోనన్నాను. వాడు నవ్వి, తనే లోపలికి పోయి అడిగేశాడు.

పెద్దమ్మకు కోపం రాలేదు. "కుదరదప్పా. సరుకు పగలగొట్టే చేతులు కావు ఇవి. మా ఆయన పోయినప్పుడు గూడా నేను పగలగొట్టించుకోలేదు. ఆడోళ్ళు ఆ పనికి వచ్చేలోగానే, సబ్బునీళ్ళు పెట్టుకోని ఒగొగటే తీసేసినా. డబ్బాలో అట్లే ఉండాయి," అంది.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోనీలే, వీడూ మనిషేనని ఒక్క క్షణం అనుకున్నాను. వాడు కళ్ళు తుడుచుకుని, "ఆంటీ, ఇదే మాట కెమెరా ముందు ఇంకోసారి చెప్తారా? లాస్ట్‌లో కొంచెం ఏడిస్తే చాలు," అన్నాడు.

"కాఫీ చల్లారిపోతుండాది, తాగప్పా," అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం నాకు తెలిసిన తిట్లన్నీ వాడి మీద ఖర్చు చేశాను. గాజులు పగిలితే కెమెరా ముట్టనన్నాను. వాడు చేతులెత్తేసి, సరే, నువ్వనుకున్న చేతుల షాటే ఉంచుదామన్నాడు. ఒక్కో షాటూ బొమ్మ గీసుకుని, అంగట్లోనే తీశాం. కనబడేది చేతులేనని చెప్పినా, పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది.

కాలేజీలో సినిమా వేసిన రోజు ఆవిడ అంగడి మూసి వచ్చి నా పక్కన కూర్చుంది. దీపాలు ఆరిపోయాయి. తెర మీద ఎవరిదో ముంజేయి, సిమెంటు నేల. ఎరుపూ ఆకుపచ్చా గాజులు మెల్లగా, ఎంతో అందంగా పగిలాయి. పైన ఏ అమ్మాయి గొంతో ఏడుస్తూ చెబుతోంది, సబ్బునీళ్ళతో ఒక్కొక్కటే తీసేశానని. నేను తీసిన చేతులు ఆ తర్వాత ఎక్కడో వచ్చి పోయాయి. చుట్టూ చప్పట్లు.

వాడు వచ్చి అందరి ముందూ పెద్దమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "ఎలా ఉంది ఆంటీ?"

"బాగుండాదప్పా," అంది.

నేను వాడి చొక్కా పట్టుకున్నాను. నీది చిన్న బుద్ధి అన్నాడు, ఆర్ట్ అన్నాడు. పెద్దమ్మే నా చేయి విడిపించి బయటికి నడిపించింది.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. బేజారు చేసుకోవద్దు పెద్దమ్మా అన్నాను.

"ఆ గాజులు మన అంగట్లోవే పాపా," అంది, ఇటు తిరక్కుండానే. "పోయిన వారం ఆ పిల్లోడే వచ్చి తీసుకపోయినాడు. వాళ్ళక్క పెండ్లని చెప్పినాడు. పెండ్లి గాజులకు నా చేయి తగలగూడదని, మీ అమ్మను పిలిపించి కట్టించినా. కొసరు గూడా ఆమెతోనే వేయించినా."