అరవై ఒకటి నుంచి తొంభై దాకా

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, అది దిగదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు.

నేను యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్‌లో ఊడ్చి తుడిచే మనిషిని. ఉండేది తార్నాకలో. యాభై దాటేవరకు నాకు అక్షరం రాదు. నేర్పింది స్వప్న. అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, నల్గొండ వైపు రైతుల బిడ్డ.

నెలకొక శనివారం మధ్యాహ్నం మా కంప్యూటర్ ల్యాబులో ఒక బృందం కూడేది. ఆర్ అని ఒక కంప్యూటర్ భాష ఉంది. కుప్పలుగా ఉన్న అంకెలను అందులో వేస్తే లెక్క తేల్చి, బొమ్మ గీసి చూపిస్తుంది. దాన్ని వాడేవాళ్ళు, చదువుకునేవాళ్ళూ ఉద్యోగస్తులూ, అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళకో అలవాటు. ఎవరి పని వాళ్ళు తెర మీద చూపించాలి, మిగతావాళ్ళు అందులో తప్పులు పట్టాలి. గది తెరవడం, చాయ్ పెట్టడం నా పని. అందరూ వెళ్ళాక స్వప్న బోర్డు మీద నాకు అ ఆలు దిద్దించేది. ఏడాదిలో బస్సు మీది ఊరి పేరు చదివాను. రెండో ఏడు పేపరు చదివాను.

ఆమె పరిశోధన ఇళ్ళలో ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ గురించి. ఫారాల మీద ప్రశ్నలు ఉండేవి. పగలు ఎన్ని గంటలు ఒక్కరే ఉంటారు? ఎవరితో మాట్లాడతారు? ఎవరూ లేనప్పుడు పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తుందా? అరవై మందిని తనే తిరిగి అడిగింది. మిగిలిన ముప్పై ఫారాలు నాకిచ్చింది. "నీకైతే మనసిప్పి చెప్తరు పెద్దమ్మా," అంది. ఆ కాగితాలు పట్టుకుని బస్తీలోకి నడిచిన రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొదటి ఇంట్లోనే అంతా అయిపోయింది. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంటే ఆ ఇంటామె నవ్వింది. "గీ సదువుతోటి సర్వే చేస్తున్నవా? నువ్వు ఒక్క ప్రశ్న సదివేటాలకు నా కూర మాడిపోతది." తలుపు వేసేసింది.

రెండో తలుపు నేను తట్టలేదు. ఎందుకు? తిరిగి వెళ్ళి, నాతో కాలేదు బిడ్డా అంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆమె ఇంకొన్నాళ్ళు నేర్పి మళ్ళీ పంపేది. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఇంత వయసుకు దొరికిన చదువు ఒక్క నవ్వుకే ఊడి పడిపోయిందనిపించింది.

గోడల మీది ఇంటి నంబర్లు రాసుకుని వచ్చాను. ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుని ముప్పై ఫారాలూ నేనే నింపాను. బతికున్నవాళ్ళ పేర్లు రాయడానికి భయమేసింది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు రాశాను. మా అమ్మ, మా చిన్నమ్మలు, మా వాడకట్టులో పోయిన ఆడవాళ్ళు. పోయిన నాటి వయసే వేశాను. మరి జవాబులు ఎక్కడి నుంచి తేను? నావే రాశాను. పని నుంచి వచ్చాక ఒక్కదాన్నే. ఎవరితోనూ మాట్లాడను. పిలుపు వినిపిస్తుంది. మా ఆయన పోయినప్పటి నుంచి మధ్యాహ్నం పూట ఎవరో నా పేరు పిలుస్తారు. అది ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పుకున్నది ఆ కాగితాలకే, ముప్పైసార్లు, ముప్పై మంది పేర్ల చాటున.

ఆ నెల స్వప్న తన బొమ్మను తెర మీద వేసింది. ఒక్కో చుక్క ఒక్కో ఆడమనిషి. పేర్లు చూపించరు, నంబర్లే. ఒకటి నుంచి అరవై దాకా చుక్కలు తెరంతా చెదిరి ఉన్నాయి. నావి, అరవై ఒకటి నుంచి తొంభై దాకా, ఒక మూల గుమిగూడి ఉన్నాయి. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. ఎనభై నాలుగు మా అమ్మ. కిటికీలు మూసి గది చీకటి చేశారు. ఆ చీకట్లో ఆ ముప్పై మందీ ఒకరినొకరు ఆనుకుని, అటు నుంచి నన్నే చూస్తున్నారు.

రామంతాపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. కోస్తా మనిషి, అందరూ మాస్టారనేవారు. ఆయన చాయ్ పక్కన పెట్టారు. "వీళ్ళు మరీ ఒకే అచ్చులో పోసినట్టున్నారేంటమ్మాయ్. మనుషులు ఇలా ఉండరు. దయ్యాల సంగతి నాకు తెలీదు." అందరూ నవ్వారు. స్వప్న నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, గీ ఇండ్లకు నువ్వు పోయినవ్ గదా?"

"పోయిన బిడ్డా."

"అందరు గిట్లనే చెప్పిండ్రా?"

"గిట్లనే చెప్పిండ్రు."

"పెద్దమ్మ అబద్ధమాడదు సార్," అంది.

వాళ్ళకో పద్ధతి ఉంది. అనుమానం వస్తే, అందులోంచి ఐదు నంబర్లు తియ్యమని కంప్యూటర్‌కే చెబుతారు, మనిషి ఇష్టం కలవకుండా. ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అడుగుతారు. స్వప్న మీట నొక్కింది. మొదట పడింది ఎనభై నాలుగు.

ఐదిళ్ళకూ తనే వెళ్ళింది. ఆ పేరుగల మనిషి మా ఇంట్లో ఎన్నడూ లేదని అందరూ చెప్పారు. సోమవారం నేను ల్యాబు తుడుస్తుంటే వచ్చింది. బకెట్ పక్కన ఆగింది. నేను తలెత్తలేదు. ఆమె అడగలేదు. తర్వాత తెలిసింది, ఆ ఫారాలు తనే నింపినట్టు వాళ్ళ గైడ్ దగ్గర ఒప్పుకుందట. పరిశోధన ఆపేశారు. హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

నా పని పోతుందని నన్ను కాపాడిందా? తను దిద్దించిన అక్షరాలే కదా అని తప్పు తన మీద వేసుకుందా? ఆ రోజు నేను ఒక్కసారి తలెత్తి ఉంటే ఆమె ముఖంలో ఏది ఉందో తెలిసేది. తెలుసుకోకూడదనే కదా తలెత్తలేదు.

నల్లకుంటలో ఏదో ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెబుతోందని విని ఒకసారి వెళ్ళాను. అద్దం తలుపులోంచి కనిపించింది. చిక్కిపోయింది. రోడ్డు ఇవతలే నిలబడి వచ్చేశాను.

బృందం ఇప్పటికీ కూడుతుంది. చాయ్ ఇప్పటికీ నేనే పెడతాను. కానీ మధ్యాహ్నం ఇంట్లో నన్ను పిలిచే గొంతు ఇప్పుడు ఒక్కటి కాదు. నా పేరు కూడా పిలవరు. ఎవరి నంబరు వాళ్ళు చెబుతారు, బడిలో హాజరు పలికినట్టు, వరసగా. మా అమ్మకు అంత పెద్ద అంకె బతికినన్నాళ్ళూ రాదు. ఇప్పుడు తడబడకుండా చెబుతుంది.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలోది కాదు. ఈ కాగితం స్వప్నకు పంపే ధైర్యం వస్తుందో రాదో, అదీ తెలియదు. కానీ ఆమె అందరి ముందూ అడిగిన మాటకు నిజమైన జవాబు ఒక్కచోటైనా ఉండాలి.

పోలేదు బిడ్డా. ఒక్క తలుపు తట్టిన. మిగిలిన ఇండ్లకు పోలేదు. నాకెవరూ ఏం చెప్పలేదు.

రాశాను. ఇక కొట్టెయ్యను.