అమ్మ చీరలో చుట్టిన మనవడు

పుట్టిన బిడ్డకు పురుడు తీరేదాకా కొత్తబట్ట తగలనివ్వకపోవడం మా ఇంటి ఆచారం. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా వదిలి విశాఖపట్నం వచ్చాను, గాజువాకలో ఇల్లు కట్టుకున్నాను, రిటైరయ్యాను. ఆచారం మాత్రం మాతోనే వచ్చింది. పెద్దవాళ్లు కట్టి విడిచిన మెత్తటి నూలుబట్టలోనే బిడ్డను చుట్టాలి. వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. మా అమ్మ తొంభై దాటి బతికింది. అందుకని అమ్మాయి పురిటికి రాకముందే నా భార్య ట్రంకుపెట్టె తెరిచి, మా అమ్మ చీరలు తీసి, ముక్కలుగా చింపి సిద్ధం చేసింది.

సముద్రపు గాలికి ఈ ఊళ్లో పెట్టెలో బట్టలు ముక్కిపోతాయి. అందుకే మడతల మధ్య కలరా ఉండలు వేసి ఉంచుతాం. ఆ గుడ్డలను నీళ్లలో జాడించి ఆరేసినా వాసన పూర్తిగా పోలేదు.

"పోనిద్దురూ, దోమలైనా రావు" అంది నా భార్య.

మనవడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. రోజూ ఒంటికి నూనె పట్టించి, స్నానం చేయించి, ఆ చీర ముక్కల్లో చుట్టేవాళ్లు. కాస్త పచ్చబడితే పసిపిల్లలకు మామూలేననుకున్నాం. తర్వాత వాడు పాలకు లేవడం మానేశాడు. చిన్నప్పటి నుంచీ ఒక్కరోజు తప్పకుండా డైరీ రాసే అలవాటు నాది. ఆ పూట "బాబు నీరసంగా ఉన్నాడు" అని రాసి కలం మూసేశాను.

మర్నాడు పొద్దున్నే భీమిలి వైపు నుంచి మా వియ్యపురాలు మనవణ్ణి చూడడానికి వచ్చింది. చేతిలో సంచి ఇంకా కింద పెట్టకుండానే బిడ్డ మీదికి వంగి, తడిసిన గుడ్డ చూసింది.

"ఇదేటి వదినా, పిల్లడు పసుపుకొమ్ములాగున్నాడు! ఈడి ఉచ్చ సూసారా? టీ డికాషన్‌లాగుంది!"

ఆ రంగు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మలేరియా వస్తే మాత్రలు వేశారు. జ్వరం తగ్గింది గానీ, ఒళ్లు పచ్చబడి మూత్రం సరిగ్గా ఆ రంగులోనే వచ్చింది. మాత్రలు ఆపేశాకే మనిషినయ్యాను.

"మా ఊర్లో పసరు పోస్తారు, అన్నయ్య గారూ. తీసుకెల్దాం" అంది వియ్యపురాలు.

"పసరు వద్దు చెల్లెమ్మా. ఆసుపత్రికే" అని రోడ్డు మీదికి పరుగెత్తి షేర్ ఆటో ఆపాను. బిడ్డను చూడగానే లోపలున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే దిగిపోయారు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, బిడ్డను నీలం లైట్ల కింద పడుకోబెట్టించింది. సాయంత్రానికి కామెర్లు దిగకపోతే ఒంట్లో రక్తం మార్చాలంది. ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుందంది. మా అమ్మాయి బిడ్డ పక్కనే కూర్చుంది. అప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"మీ కుటుంబంలో ఎవరికైనా రక్తానికి సంబంధించిన జబ్బులున్నాయా?"

"మా వంశంలో అలాంటివేమీ లేవండీ" అని నా భార్య టక్కున చెప్పేసింది.

అది ఆవిడ సొంతమాట కాదు, పెళ్లిచూపుల్లో చెప్పడానికి మా ఇంట్లో అందరికీ నేర్పిన మాట. మా అమ్మాయి సంబంధం కుదిరినప్పుడూ అదే చెప్పాం. ఆ మాట విన్న వియ్యపురాలు ఇప్పుడు మా పక్కనే నిలబడి ఉంది.

"ఉన్నాయమ్మా" అన్నాను. నా భార్య నా మోచెయ్యి నొక్కింది. నేను ఆగలేదు. నా మలేరియా మాత్రల సంగతి చెప్పాను. మా అమ్మ తమ్ముళ్లిద్దరు పురిట్లోనే ఒళ్లు పచ్చబడి చనిపోయారని చెప్పాను. మా పిన్ని కొడుక్కి కూడా ఏదో మందు పడక, రక్తం విరిగి, చావు తప్పిందని చెప్పాను.

డాక్టరమ్మ తలెత్తింది. "అందరూ మగవాళ్లేనా?"

"అందరూ మగవాళ్లే. అందరూ మా అమ్మ వైపు వాళ్లే."

ఆవిడ గబగబా బిడ్డ దగ్గరికి వెళ్లి, పక్కన మడిచిపెట్టిన చీర ముక్క తీసి వాసన చూసింది. "కలరా ఉండలా? ముందు దీన్ని బయట పడెయ్యండి. ఇంట్లో ఉన్నవి కూడా."

తర్వాత నెమ్మదిగా వివరించింది. ఎర్ర రక్తకణాలకు కాపలా కాసే ఎంజైమ్ ఒకటి కొందరి రక్తంలో తక్కువగా ఉంటుందట. దాని పేరు జీ సిక్స్ పీడీ. అలాంటివాళ్లకు కొన్ని మందులు, కలరా ఉండల ఘాటు తగిలితే కణాలు పగిలిపోతాయట. నూనె రాసిన ఒంట్లోకి ఆ ఘాటు ఇంకా తొందరగా దిగుతుందట. తాత నుంచి కూతురికి, కూతురి నుంచి మనవడికి ఇది రావచ్చని, పరీక్ష ఫలితం రావడానికి టైము పట్టినా జాగ్రత్తకు అంతదాకా ఆగనక్కర్లేదని చెప్పింది.

వరండాలో వియ్యపురాలు నా పక్క బెంచీ మీద కూర్చుంది.

"పెల్లప్పుడు ఏ జబ్బూ లేదన్నారు గదా, అన్నయ్య గారూ?"

"అన్నాం, చెల్లెమ్మా."

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "మా ఇంట్లో అందరికీ సుగరుందని నాను మాత్రం సెప్పానేటి? ఇప్పుడు సెప్పారు సూడండి, అదీ కావల్సింది" అంది.

సాయంత్రం మళ్లీ రక్తం తీశారు. మధురవాడ ఆఫీసు నుంచి అల్లుడు వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. డాక్టరమ్మ కాగితం పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది. "దిగుతోంది, తాతగారూ. రక్తం మార్చక్కర్లేదు." ఆవిడ మాట పూర్తయ్యేలోగా లోపలి నుంచి ఏడుపు. పాల కోసం, వార్డంతా దద్దరిల్లేలా. అంత కమ్మటి ఏడుపు నా జన్మలో వినలేదు.

తర్వాత పరీక్షలో వాడికీ నాకూ ఆ లోపం ఉందని తేలింది. పడని మందులకు దూరంగా ఉంటే అందరిలాగే నిక్షేపంగా బతకొచ్చట. అమ్మ వైపు చుట్టాలందరికీ నేనే ఫోన్లు చేసి చెప్పాను. కొందరు కోప్పడ్డారు, కొందరు పరీక్ష చేయించుకున్నారు. నా మేనల్లుళ్లలో ఇద్దరికి ఉందని తేలింది. ఇప్పుడు వాళ్లు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ మాటే చెబుతున్నారు.

బారసాల మా ఇంట్లోనే చేశాం. వచ్చే ఆడవాళ్లంతా బీరువాల్లో దాచిన పట్టుచీరలు కట్టుకునే వస్తారు గదా! వియ్యపురాలు గుమ్మంలో నిలబడి, బొట్టు పెట్టేలోపే ఒక్కొక్కరి భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. మొదట దొరికింది సొంత అక్కే.

"అక్కా, నువ్వు లోపలికి రాకు. నీ సీర కలరా ఉండల కంపు."

"ఏటే, పిలిసి గుమ్మంలో నిలబెడతావేటి? సుట్టాన్నా, దొంగనా?"

"సుట్టానివే. మా ఓడికి వాళ్ల తాత రక్తం. నీ సీర ఆడికి పడదు" అంది వియ్యపురాలు, వీధి వీధంతా వినపడేలా.

అక్కగారు కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత వీధి అరుగు మీదే చాప వేయించుకుని కూర్చుని, కిటికీలోంచి లోపలికి వినపడేలా గొంతెత్తి లాలి పాట అందుకుంది. లోపల కొత్తబట్ట ఊయలలో మా వాడు కాళ్లాడిస్తూ విన్నాడు.